పాలరాయి క్లాసు

కొమురెల్లి స్తంభానికి పాత దినపత్రికలు చుడుతున్నాడు. నిద్రలో లేపి చెయ్యమన్నా తప్పు పోని పని అది. కింద పీఠం దగ్గర కాగితం అంచు లోపలికి మడిచి టేపు అంటించాలి. ఒక్కో కాగితం కింది దాని మీదికి బెత్తెడు ఎక్కేటట్టు చుట్టుకుంటూ పైకి పోవాలి. ఎక్కడా వదులు ఉండకూడదు. వదులుంటే గోడకు వేసే రంగు తుంపరలు సందు చూసుకుని మరీ లోపలికి దూరతాయి. చుట్టడం అయ్యాక అరచేత్తో ఒకసారి పైనుంచి కిందికి నిమిరి, స్తంభానికి వీపు ఆనించి, చొక్కా జేబులోంచి తంబాకు తీశాడు. కాగితాల మీంచి కూడా రాయి చల్లదనం వీపుకు తగిలింది. ఎండాకాలంలో ఈ బంగళాలో పని పడితే పగటన్నం తిన్నాక అతను నడుము వాల్చేది ఈ స్తంభాల మొదట్లోనే. పాలరాతి చలువ పాలరాతిదే, సిమెంటుకు ఎక్కణ్ణుంచి వస్తుంది అని తోటి పనివాళ్లకు చెబుతుండేవాడు.

యూనివర్సిటీ ఆవరణలో హాస్టళ్ల దారి దాటి లోపలికి పోతే, చెట్ల మాటున కనిపించే పాత బంగళా అది. ఒకప్పుడు ఎవరో పెద్ద ప్రొఫెసరు కాపురం ఉన్నాడట. తర్వాత ఆఫీసయింది. ఆ తర్వాత విరిగిన కుర్చీలు పడేసే గోదామయింది. ఇప్పుడు గెస్ట్‌హౌస్ కాబోతోంది. అది ఏ అవతారం ఎత్తినా రంగు వేసేది మాత్రం కొమురెల్లే. అంతకు ముందు అతని మేస్త్రి వీరస్వామి వేసేవాడు.

కొమురెల్లి యాభై దాటిన మనిషి. సన్నగా పొడుగ్గా ఉంటాడు. తలలో తెల్లబడిన వెంట్రుక ఏదో, సున్నం చుక్క ఏదో అతని భార్య వనజ కూడా తలంటేటప్పుడు తప్ప చెప్పలేదు. కుడి భుజం ఎడమ దానికన్నా కాస్త ఎత్తుగా ఉంటుంది. ఏళ్ల తరబడి తల పైకెత్తి కప్పులకు రంగు వేసినందుకు ఒంటికి మిగిలిన గుర్తు అది. గోడా కప్పూ కలిసే చోట తాడు కొట్టకుండా, టేపు వెయ్యకుండా, ఉత్త బ్రష్‌తో ఈ మూల నుంచి ఆ మూలకు గీత లాగేస్తాడు. ఆ గీత వంకర పోగా చూసినవాళ్లు లేరు. అతనికున్న ఆస్తి అదొక్కటే. ఆ గీతను చూడటానికి గదిలోకి వచ్చిన వాడూ ఎవడూ లేడు, ఎందుకంటే గీత సరిగ్గా ఉంటే కంటికి ఆననే ఆనదు.

అలాంటి మనిషికి ఈ వారం రోజులుగా బుర్ర పని చెయ్యడం లేదు. కాంట్రాక్టరు చంద్రయ్య వచ్చి ఒక మాట అన్నాడు. గెస్ట్‌హౌస్ చూడటానికి వచ్చిన పెద్ద ఆఫీసరుకు హాల్లోని రెండు స్తంభాలూ తెగ నచ్చాయట. వాటికి జోడు కుదిరేటట్టు, మధ్యలో ఉన్న పెద్ద గోడ కూడా పాలరాయిలా కనిపించాలని ఆయన కోరిక. నిజం రాయి అతికించడం కాదు, రంగుతోనే. ఇప్పుడు అందరూ ఇళ్లలో అట్లాగే చేయించుకుంటున్నారు, దానికి క్లాసులున్నాయి, నువ్వు పోయి నేర్చుకుంటే ఆ గోడ నీదే, లేదంటే బయటి నుంచి మనుషులను తెస్తాను, వాళ్ల ముందు నువ్వు గోడ గీకి పెట్టాల్సి వస్తుంది అని నవ్వుతూనే చెప్పాడు. చంద్రయ్య చెడ్డవాడు కాదు. నవ్వుతూ చెప్పాడంటే అది జరిగే మాటే.

గోడ గీకి పెట్టడమంటే ఏమిటో కొమురెల్లికి తెలుసు. పని మొదలుపెట్టిన కొత్తల్లో చేసిందదే. ఎమరీ కాగితం పట్టి రోజంతా రుద్దితే, సాయంత్రానికి ముక్కులో, చెవుల్లో, కనురెప్పల మీద గోడకు పూసిన లప్పం పొడి పేరుకుంటుంది. అక్కడి నుంచి బ్రష్ దాకా రావడానికి యవ్వనమంతా పట్టింది. మళ్లీ అక్కడికే పొమ్మంటే ఎట్లా? ఈ వయసులో వేరేవాడు రంగు వేస్తుంటే తను కింద నిలబడి డబ్బా అందించాలా? ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా తంబాకు కూడా చేదుగా అనిపించేది.

సరే, నేర్చుకుందాం అనుకున్నాడు. అనుకున్నాక మొదలయింది అసలు తికమక. తార్నాకలో రంగుల దుకాణం నడిపే వెంకటేశం హబ్సిగూడలో కంపెనీవాళ్లు పెట్టే క్లాసుకు పేరు రాయిస్తానన్నాడు. అక్కడ సర్టిఫికెట్ ఇస్తారు, కంపెనీ బొమ్మ ఉన్న టీషర్టు ఇస్తారు. కానీ వాళ్ల డబ్బాలు, వాళ్ల పనిముట్లు తప్ప వేరేవి ముట్టుకోవద్దు. రామంతాపూర్‌లో దిలీప్ అని ఒకతను ఉన్నాడు. టీవీ సీరియళ్ల సెట్టింగులకు అట్టముక్కల మీద రాజమహళ్లు వేసేవాడు, ఇప్పుడు ఇంటి డాబా మీద క్లాసులు చెబుతున్నాడు. అతని దగ్గర చెయ్యి తిరుగుతుందంటారు, కానీ సర్టిఫికెట్ లేదు. ఇక మూడోది కూతురు రజిని ఫోన్లో చూపించింది. అందులో ఎవరో తెల్లగ్లౌజులు తొడుక్కుని మాట్లాడకుండా గోడను చేత్తో నిమురుతుంటారు, చూస్తుండగానే గోడ రాయి అయిపోతుంది. రజిని దానికే ఓటేసింది. వనజ మాత్రం, నీకేది మంచిగనిపిస్తే అది చెయ్యి అంది. అది సలహాయో, విసుగో అతనికి అర్థం కాలేదు.

వెంకటేశం ఇచ్చిన రంగుల పుస్తకం ఒకటి అతని సంచిలో ఉంది. అందులో ప్రతి పేజీలో ఒక గోడ. ఒకటి పాలరాయి, ఒకటి చెక్క, ఒకటి తుప్పు పట్టిన ఇనుము. చివరి పేజీలో చెమ్మ పట్టి, పెచ్చులూడి, పచ్చగా మరకలు దిగిన పాత గోడ ఉంది. అచ్చు తప్పేమో అనుకున్నాడు కొమురెల్లి. కాదట. అదీ ఒక రకమేనట. కొత్త గోడను అట్లా కనిపించేటట్టు చేయడానికి మనుషులు ముచ్చటపడి అడుగుతారట. ఇన్నేళ్లుగా అతను చేసిన పనంతా చెమ్మ దాచడం, నెర్రెలు పూడ్చడం, మరకలు కప్పడం. ఇప్పుడు వాటినే గీయడం నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. ఎవడైనా డబ్బులిచ్చి కొత్త చొక్కాను చిరుగులతో కుట్టించుకుంటాడా అనుకున్నాడు. ఆ మాట రజినితో అంటే, ఇప్పుడు అదే ఫ్యాషన్ నాయినా అని తన ప్యాంటు మోకాళ్లు చూపించింది.

ఆ రోజు పొద్దున, గీకే కుర్రాడు రాక బంగళా వెనకవైపు గోడ తనే గీకుతుంటే ఇద్దరు విద్యార్థులు వచ్చారు. ఒక్క నిమిషం ఆగండి అంకుల్ అని, ఆ పాకుడు పట్టిన గోడకు ఆనుకుని ఒకరినొకరు ఫోటోలు తీసుకున్నారు. గీకిన చోట కాదు, గీకని చోటే నిలబడ్డారు. కొమురెల్లి గీకే పట్టీ చేత్తో పట్టుకుని పక్కన నిలబడ్డాడు. వాళ్లు వెళ్లిపోయాక ఆ గోడను కాసేపు దూరం నుంచి చూశాడు. అతనికి అందులో చెమ్మ తప్ప ఏమీ కనిపించలేదు. మళ్లీ గీకడం మొదలుపెట్టాడు.

మధ్యాహ్నం కాకముందే చంద్రయ్య బండి మీద వచ్చి దిగాడు. హాలు మధ్య గోడ ముందు నిలబడి, ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు.

“ఏం చేసినవ్? పేరు రాయించినవా?”

“ఇంక లేదన్నా. మూడున్నయి. ఏది పట్టుకోవాల్నో సమజైత లేదు.”

“గింత పరేషాన్ ఎందుకు? ఏదో ఒకటి పట్టు. వెంకటేశం సేటు ఇయ్యాల్టి దాకే పేర్లు రాసుకుంటడంట. పొద్దుమీకిందంటె నేను వేరే వాళ్లకు చెప్పుకుంట, మల్ల నన్ననకు.”

చంద్రయ్య వెళ్లాక కొమురెల్లికి మరింత గాభరా పట్టింది. పనిలో పడితే మనసు కుదురుకుంటుందని, పైకప్పు అంచు గీత లాగేద్దామని నిచ్చెన లేపాడు. ఎన్నడూ తడబడని మనిషి. కానీ ఆ వేళ కళ్ల ముందు హబ్సిగూడ, రామంతాపూర్, తెల్లగ్లౌజులు తిరుగుతున్నాయి. నిచ్చెన కాలు సంచి మీద పడి జారింది. అతను పట్టుకునే లోపల అది పక్కకు వాలి, స్తంభం పీఠానికి ఠప్పున తగిలింది. కాగితం చిరిగి, లోపల్నుంచి ఒక పెచ్చు ఊడి నేల మీద పడింది.

పాలరాయి పగలగొట్టానే అనుకున్నాడు. దీన్ని ఎక్కడి నుంచి తెచ్చి అతకాలి, ఎవరి కాళ్లు పట్టుకోవాలి? కింద కూర్చుని ఆ ముక్క తీశాడు. బరువు లేదు. ఒకవైపు తెల్లటి నునుపు మీద బూడిద రంగు నరాలు పాకుతున్నాయి. రెండోవైపు తిప్పితే గచ్చు. మామూలు సున్నం గచ్చు. గోరుతో గీకితే పొడి రాలింది. స్తంభం మీద ఊడిన చోట కూడా అదే గచ్చు. అతను కాగితం ఇంకాస్త చింపి, చెంప ఆనించి చూశాడు. ఇప్పటికీ చల్లగానే ఉంది. దళసరి గచ్చు నీడలో ఉంటే ఏదైనా చల్లగానే ఉంటుందని అప్పుడు తోచింది. ఇన్ని ఎండాకాలాలు తను దేనికి ఆనుకుని పడుకున్నట్టు?

చీపురు పట్టుకుని వచ్చిన సాలమ్మ అతని అవస్థ చూసి ఆగింది. ఆ బంగళా ఊడ్చేది ఆమే. ఆమె మామ ఇక్కడే వాచ్‌మన్‌గా ఉండేవాడు. చేతిలోని పెచ్చు చూపించి, రాయి పగలలేదక్కా, ఇది రాయే కాదు అని కొమురెల్లి ఏదో చెప్పబోయాడు. ఆమెకు వింతగా అనిపించలేదు.

“అది రాయెక్కడిది? మీ మేస్త్రి ఏసిన రంగే గద. నీకు తెల్వదా?”

సాలమ్మ చీపురు ఆనించి తీరిగ్గా చెప్పింది. ఆమె కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో వీరస్వామి ఈ స్తంభాల ముందు పొద్దస్తమానం కూర్చునేవాడట. ఏదో గీసి, తుడిచి, మళ్లీ గీసేవాడట. ఊడ్వడానికి వస్తే దుమ్ము లేస్తుందని కసిరేవాడట. నువ్వింకా పనిలోకి రాలేదప్పుడు, అయినా నీకు చెప్పే ఉంటాడనుకున్నాను అంది. అని, తన దారిన తను వసారా ఊడ్వడానికి పోయింది.

నిజానికి కొమురెల్లికి అప్పుడు కలిగింది ఆశ్చర్యం కాదు, బాధ. వీరస్వామి వెంట ఎన్నేళ్లు తిరిగాడు. ఒకే డబ్బాలో అన్నం తిన్నారు. ఆయన బిడ్డ పెళ్లికి ఇంటి గోడలకు తనే సున్నం వేశాడు. ఈ బంగళాకు వచ్చిన ప్రతిసారీ మేస్త్రి నోటి నుంచి వచ్చే మొదటి మాట, ముందు స్తంభాలకు కాగితం చుట్టు అని. రాయి మీద ఎంత గౌరవమో అనుకున్నాడు తను. ఆయన పని మానేసి ఇంట్లో కూర్చున్న తర్వాత కూడా ఆ మాట జవదాటలేదు. ఒక్కనాడైనా, ఇది నేను వేసిందిరా అని చెప్పలేదు. పరాయివాడికి చెప్పకపోతే సరే, తను పరాయివాడా?

ఆ ముక్కను రుమాలులో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. స్తంభానికి మళ్లీ కాగితం చుట్టాడు, ఈసారి రెండింతలు. మిగిలిన మధ్యాహ్నం ఏం పని చేశాడో అతనికే తెలియదు. పొద్దు వాలుతుండగా రంగు డబ్బాలు సర్ది, తెల్ల ఎమల్షన్ కొద్దిగా, రంగులో కలిపే నల్ల స్టెయినర్ సీసా ఒకటి సంచిలో వేసుకుని, పాత టీవీఎస్ బండి తీశాడు. ఎందుకు వేసుకున్నావంటే చెప్పలేడు.

తార్నాక చౌరస్తాలో ఆఫీసులు వదిలిన రద్దీ. మెట్రో కింద బండ్లు అంగుళం అంగుళం జరుగుతున్నాయి. ఆగిన చోటల్లా కొమురెల్లి కళ్లు గోడల మీదికే పోతున్నాయి. బ్యాంకు మెట్లకు పరిచింది గ్రానైటా? టిఫిన్ సెంటరు ముందు ఉన్నది చెక్కేనా? ఆ బట్టల దుకాణం తలుపు ఇత్తడిదేనా? ఇన్నాళ్లూ ఈ తోవలో కళ్లు మూసుకుని తిరిగినట్టనిపించింది. సిగ్నలు దగ్గర పక్కనే ఉన్న గోడను బండి మీంచే వంగి వేలితో తట్టి చూశాడు. వెనక ఆటోవాడు హారన్ కొట్టాడు.

వెంకటేశం కౌంటరు మీద ఫోను, టీ గ్లాసు పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు. హబ్సిగూడ క్లాసులో ఒక్క చోటు మాత్రం ఉంది, నీ కోసమే ఆపాను అన్నాడు. కొమురెల్లి ఆ మాటకు జవాబు చెప్పకుండా రుమాలు విప్పి పెచ్చు చూపించాడు. మీ క్లాసులో ఇట్లాంటిది నేర్పుతారా అని అడిగాడు. వెంకటేశం దాన్ని దీపం కింద పెట్టి అటూ ఇటూ తిప్పాడు, రాయి ముక్క తెచ్చి చూపిస్తావేమిటని విసుక్కున్నాడు. ఇది కాదు, మావాళ్లది ఇంకా మెరుస్తుంది, గోడంతా ఒక్క తీరుగా ఉంటుంది అన్నాడు. గోడంతా ఒక్క తీరుగా ఉంటే ఆ స్తంభాలకు జోడు ఎలా కుదురుతుందో కొమురెల్లికి తోచలేదు. దుకాణం మూసేలోపల ఫోన్ చేసి చెబుతానని బండెక్కాడు. లాలాపేట వైపు తిప్పాడు.

వీరస్వామి ఇల్లు మల్కాజ్‌గిరి స్టేషన్ వెనక సందులో ఉంది. రేకుల ఇల్లు, ముందు కాస్త వాకిలి. ఊపిరితిత్తులు పాడయ్యాయని, ఇక ఇంట్లోనే ఉంచుకొమ్మని డాక్టర్లు చెప్పినప్పటి నుంచి ఆయన మంచం వాకిలికి ఎదురుగా గుమ్మం లోపల వేశారు. కొమురెల్లి ఆదివారాలు వచ్చి పోతూనే ఉంటాడు. మందుల గురించి, రజిని చదువు గురించి మాట్లాడుకుంటారు. పని ఊసు ఎవరూ ఎత్తరు. పని మానేసిన వాడి ముందు పని మాట ఎందుకని కొమురెల్లి, చేసేవాడికి తెలియదా అని వీరస్వామి.

మంచంలో మనిషి సగమయ్యాడు. చేతులు మాత్రం ఒళ్లు తగ్గినట్టు తగ్గలేదు. వెడల్పాటి అరచేతులు, గోళ్ల మొదట్లో ఇన్నేళ్లయినా పోని తెల్లటి గీతలు. వారం మధ్యలో వచ్చిన కొమురెల్లిని చూసి ఆయన భార్య లచ్చమ్మ కంగారు పడింది. ఏమీ లేదు పెద్దమ్మా, ఊరికే వచ్చాను అని అతను మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. రుమాలు విప్పి పెచ్చును ముసలాయన అరచేతిలో పెట్టాడు.

వీరస్వామి దాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు. బొటనవేలితో నరాల మీద నిమిరాడు.

“ఏడ ఊడింది?”

“పీఠం మీద. నా చేతులనే మేస్త్రీ. నిచ్చెన తాకింది.”

“నువ్వు రాయనుకున్నవా?”

“ఇన్నేండ్లు రాయనే అనుకున్న. దానికి ఆనుకొని పండుకున్న కూడ.”

ముసలాయన నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగి, తేరుకోవడానికి చాలాసేపు పట్టింది. లచ్చమ్మ వచ్చి వీపు రాసి పోయింది. కొమురెల్లి అడుగుదామా వద్దా అని తటపటాయించాడు. అడగకపోతే ఈ రాత్రి నిద్ర పట్టదని తెలుసు.

“నాకెందుకు చెప్పలే?”

వీరస్వామి వాకిట్లోకి చూస్తూ కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు.

“నువ్వు అడుగుతవని చూసిన. ఎప్పుడన్న ఒక్కసారి చెయ్యి పెట్టి, ఇదేంది మేస్త్రీ అంటవని. అంటె నేర్పుదామనుకున్న. నువ్వేమో చుట్టమంటె చుడితివి.” కొంచెం ఆగి, “నేర్చుకుంటె నా దగ్గర ఉండవని కూడ అనుకున్న. అబద్ధమెందుకు” అన్నాడు.

ఈ రెండు మాటల్లో ఏది పట్టుకుని బాధపడాలో కొమురెల్లికి తెలియలేదు. కోపం రావలసిన చోట కోపం రాలేదు. మూడు క్లాసుల సంగతి చెప్పుకొచ్చాడు. కంపెనీ సర్టిఫికెట్, రామంతాపూర్ డాబా, ఫోన్లో తెల్లగ్లౌజులు. ఏది తీసుకోవాలె మేస్త్రీ అని అడిగాడు. ఆ క్లాసులు నాకేం తెలుసు, ఇంటి వెనక అల్మారా తలుపు ఊడిపోయింది ఉంది తీసుకురా అన్నాడు వీరస్వామి.

అది ప్లైవుడ్ తలుపు. మడత బందులు ఊడదీసి గోడకు చేర్చి పెట్టారు, ఎప్పటిదో తెల్ల రంగు ఉంది. కొమురెల్లి దుమ్ము తుడిచి వాకిట్లో గోడకు ఆనించి, మంచం మీంచి కనిపించేటట్టు సర్దాడు. తెచ్చిన ఎమల్షన్ నీళ్లలా పలుచన చేసి పైపైన పూశాడు. మూతలో నల్ల స్టెయినర్ కలిపి బూడిద రంగు చేశాడు. బ్రష్ తీయబోతే ముసలాయన వద్దన్నాడు. లచ్చమ్మ అటక మీద డబ్బాలో వెతికి నాటుకోడి తోక ఈక ఒకటి తెచ్చి ఇచ్చింది. ఈయన ఇట్లాంటివి పారేయనివ్వడు అని గొణుక్కుంటూ చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది.

తడి మీదనే గియ్యాలి అన్నాడు వీరస్వామి. ఈక కొన మాత్రం ముంచు, వేళ్ల మధ్య తిప్పుకుంటూ లాగు, ఎక్కడికి పోతదో నువ్వు చెప్పకు, పోనియ్యి. కొమురెల్లి గొంతుక్కూర్చుని గీశాడు. గీత ఈ మూల నుంచి ఆ మూలకు తాడు కొట్టినట్టు వచ్చింది. వెనక నుంచి నాలుక చప్పరింత వినిపించింది. తుడిచి మళ్లీ గీశాడు. మళ్లీ తిన్నగానే వచ్చింది. మళ్లీ చప్పరింత.

వీరస్వామి పని నేర్పే తీరు మొదటి నుంచీ అంతే. తప్పు పోతే నాలుక చప్పరిస్తాడు. కుదిరితే ఏమీ అనడు. బాగుందన్న మాట ఆయన నోట కొమురెల్లి ఎన్నడూ వినలేదు. వెనక చప్పుడు లేదంటే పని కుదిరిందని అర్థం. ఆ అర్థం చేసుకోవడంతోనే అతనికి పనితనం అబ్బింది.

“చేతిని వదిలెయ్యి కొమురెల్లీ” అన్నాడు మేస్త్రి. “గోడ కాదది. నువ్వు గీస్తలేవు. లోపల ఉన్నది కనబడుతున్నది, అంతే.”

అతను ఈకను వదులుగా పట్టుకున్నాడు. భుజం దించాడు. ఈక కొన తడిలో ఒక పక్కకు జారింది, తెగింది, కాస్త అవతల మళ్లీ తేలింది. రంగు అంచుల్లో పొగలా విచ్చుకుంది. చప్పరింత రాలేదు. కొమురెల్లి ఊపిరి బిగబట్టి ఇంకో నరం లాగాడు. అది మొదటి దాన్ని కలవబోయి కలవకుండా పక్కకు ఒరిగింది. వెనక నిశ్శబ్దం. అతనికి లోపల ఎక్కడో చిన్నప్పటి సంబరం లాంటిది లేచింది. పొద్దున్నుంచీ తలలో గిర్రున తిరిగిన మూడు క్లాసులూ ఎటు పోయాయో పోయాయి. వంగి, లేచి, మోకాళ్ల మీద జరుగుతూ గీశాడు. గుడ్డతో అద్దాడు, మళ్లీ గీశాడు. ఒక చోట అనుమానం వచ్చి, గిట్లనేనా మేస్త్రీ అన్నాడు. జవాబు రాలేదు. అంటే కుదిరిందన్నమాట. తలుపు అడుగు మూల దాకా వచ్చేశాడు. స్టేషన్ వైపు ఏదో రైలు వచ్చి, ఆగి, వెళ్లిపోయింది.

లచ్చమ్మ రెండు గ్లాసుల్లో చాయ్ తెచ్చింది. ఒకటి కొమురెల్లి పక్కన పెట్టి, రెండోది పట్టుకుని మంచం దగ్గరికి పోయింది. లేవయ్యా అంది. ఇంకోసారి అంది. గ్లాసు కింద పెట్టిన చప్పుడుకు కొమురెల్లి తిరిగి చూశాడు. వీరస్వామి తల తలుపు వైపే తిరిగి ఉంది. కళ్లు సగం తెరిచే ఉన్నాయి. ఒక చెయ్యి మంచం పట్టె మీద ఉంది, అరచేతిలో పెచ్చు అలాగే ఉంది.

ఆ తర్వాత అంతా వేగంగా జరిగింది, ఏమీ జరగనట్టూ ఉంది. లచ్చమ్మ ఏడుపు విని సందులో ఆడవాళ్లు వచ్చారు. ఎవరో ఆయన కూతురికి ఫోన్ చేశారు. కొమురెల్లి ఈక చేత్తో పట్టుకునే నిలబడ్డాడు. అతని జేబులో ఫోన్ మోగింది. వెంకటేశం. దుకాణం మూస్తున్నాను, పేరు ఏ క్లాసులో రాయాలి అని అడిగాడు.

“మేస్త్రి పోయిండు సేటు” అన్నాడు కొమురెల్లి.

వెంకటేశం తండ్రి కాలం నుంచీ ఆ దుకాణంలో రంగు కొన్న మనిషి వీరస్వామి. వస్తున్నా అని వెంకటేశం ఫోన్ పెట్టేశాడు. క్లాసు మాట మళ్లీ ఎత్తలేదు.

కొమురెల్లి తలుపు ముందుకు వచ్చి నిలబడ్డాడు. పై మూల నుంచి ఒక్కో నరం వెంట చూపు దించుకుంటూ వచ్చాడు. ఇది ఆయన చూశాడు. ఇదీ చూశాడు, ఖాయం. దీని దగ్గర? అక్కడ తను అడిగాడు, ఆయన పలకలేదు. కుదిరి పలకలేదా, ప్రాణం పోయి పలకలేదా? రైలు వచ్చినప్పుడు ఏది గీస్తున్నాడు? ఎంత చూసినా ఆనవాలు దొరకలేదు. పై నరాలూ కింది నరాలూ ఒకే చేతివి. ఈ ఒక్కటి తెలిస్తే చాలు, ఇంకేమీ అక్కర్లేదు అనుకున్నాడు. చెప్పేవాడు లేడు. అప్పుడు వచ్చింది ఏడుపు. గోడకు తల ఆనించి, ఎవరు చూస్తున్నారో పట్టించుకోకుండా ఏడ్చాడు.

వాకిట్లో చాప పరచాలి, చోటు కావాలి అన్నారెవరో. పక్కింటి పరశురాం తలుపు ముందుకు వచ్చి, ఈ బండ ఎవరు తెచ్చి పెట్టిండ్రు, ఎవరి కాలి మీదనన్న పడుతది అంటూ పంచె ఎగగట్టాడు. కాళ్లు ఎడంగా పెట్టి, నడుము వంచి, రెండు చేతులతో అడుగున పట్టి బలంగా లేపాడు. అది ఒక్కసారిగా గాల్లోకి లేచింది. పరశురాం వెనక్కి తూలి నిలదొక్కుకుని, చేతిలో ఉన్నదాన్ని, కొమురెల్లిని మార్చి మార్చి చూశాడు. దాన్ని తీసుకుపోయి గేటు అవతల గోడకు మెల్లగా ఆనించాడు. వీధి దీపం వెలుగులో అది పాలరాయిలాగే ఉంది, అడుగు మూలన తడి ఆరని చోట మాత్రం పరశురాం వేళ్ల ముద్రలు నాలుగు, వాటి పక్కన ఎటూ కలవకుండా ఆగిపోయిన ఒక సన్నటి నరం.